మాగాణిలో పశుగ్రాసము



హనుమాన్ జంక్షనునుండి ఉత్తరముగా నూజివీడు బాట పట్టినచో మామిడితోటల మెట్టయు, దక్షిణముగా గుడివాడ బాట పట్టినచో వరిమాగాణియు గాననగును. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ మాగాణి వరికి పేరు వడసినది. అట్టిచోట ఒకటి రెండు గేదెలు గల కౌలురైతు వరిగడ్డిని వెలయిచ్చి కొనవలసివచ్చుట వింత కాదా? దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను బడిలో పాఠములు చెప్పు దినములలో కోత కొడవలితో జరుగుచుండెను. పనలు కట్టి, కుప్పవేసి, నూర్చి, గడ్డిని వామి వేసెడివారు. కోతకు కొలది దినములు ముందే చేనిలో జనుము, పిల్లిపెసర చల్లెడివారు. నేలలోని చెమ్మతోను, మంచుతోను అవి పెరిగి పశువునకు పచ్చిమేత యగుచుండెను. ఎండబెట్టి దాచినది వేసవికి మిగులుచుండెను. క్రమముగా ఆ చెమ్మను మినుము ఆక్రమించినది. పిల్లిపెసర పాలనిచ్చును, మినుము రొక్కమునిచ్చును. అప్పు తీర్చవలసినవానికి రొక్కమే కావలయును గదా!

పిమ్మట కోతయంత్రము వచ్చినది. అది గింజను తీసికొని గడ్డిని చేనంతట చిమ్మిపోవును. పోగుచేయింప కూలి యెక్కువ. కట్టలు కట్టు యంత్రమునకు బాడుగ. జాగు చేసినచో తరువాతి పైరునకు అదను తప్పును. అందుచే పలువురు నిప్పు పెట్టుచున్నారు. వారిని దూషింప నాకు మనసొప్పదు. కాని లెక్క చూడుడు. గేదెకు దినమునకు 6 కిలోల చొప్పున ఏడాదికి 2,190 కిలోల యెండుగడ్డి కావలయును. బాగుగ పండిన యెకరమున వచ్చునది ఇంచుమించు 2 టన్నులు. ఒక యెకరము కాల్చినచో ఒక గేదె సంవత్సరపు గ్రాసము కాలినట్లే. అమరకోశము గింజలేని ధాన్యపుదంటును పలాలమని పేర్కొని నిష్ఫలమన్నది. అమరసింహుడు పాడి చేసినవాడు కాడేమో!

గడ్డి మాత్రమే చాలునా యనిన, చాలదు. అందు మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. పొట్ట నిండును, పొదుగు నిండదు. ఆ లోటును తవుడుతోను, తెలగపిండితోను పూడ్చవలెను. పాలకేంద్రమున వెన్నశాతమునుబట్టి ధర కట్టుదురు. వచ్చిన సొమ్ములో పెద్దపాలు దాణాబస్తాకే పోవును. ఈ లెక్క మనకంటె మన యిల్లాండ్రు బాగుగ నెరుగుదురు, పాలు పితుకువారు వారే గనుక. 10 సెంట్ల నేలలో నేపియరు గడ్డి నాటుడని చెప్పుట సులభము. అది ఏండ్లకొలది నిలుచు పైరు. ఏటేట ఒప్పందము మారు కౌలుభూమిలో దానిని నాటనిచ్చు భూస్వాములెందరు? గట్టుమీద రెండు వరుసలైన నాటుకొనవచ్చును.

దక్కించుకొన్న వరిగడ్డిని పుష్టికరముగా చేయు ఉపాయమొకటి కలదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగ కరగించి, పొరపొరకు చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టా కప్పి 21 దినములుంచవలెను. మాంసకృత్తుల విలువ ఇంచుమించు రెట్టింపగును. యూరియాను కుడితిలో ఎన్నడును కలుపరాదు, అది ప్రాణాపాయము. కరగించిన బానను పశువుల కందుచోట నుంచరాదు. ఆరు నెలలలోపు దూడలకు ఈ గడ్డి వేయరాదు. వామినుండి తీసినదానిని కొంతసేపు ఆరబెట్టి, ఘాటు వాసన పోయిన పిదపనే వేయుడు. మొదటి రెండు మూడు దినములు గేదె మూతి త్రిప్పుకొనును. మామూలు గడ్డిలో కొంచెము కొంచెముగా కలిపి అలవాటు చేయుడు.