పన్నె తెలియని ఇంజనీరు

సాహిత్య సదస్సుకు మోటార్ల మేష్టారిని అధ్యక్షుడిగా పిలవడం నిర్వాహకుల సాహసం. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఛందస్సు అడిగితే గట్టెక్కలేను. ‘పల్లెకు సాంకేతిక విద్య, తెలుగు’ అన్నారు గనక ధైర్యం చేసి వచ్చాను.

నా ఓటమితోనే మొదలుపెడతాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక వేసవిలో పిల్లల్ని వెంటేసుకుని ఒక ఊరెళ్లాను. బోరు మోటార్లకు కెపాసిటర్లు బిగించండి, ఆటో స్టార్టర్లు తీసేయండి, ఇదీ మా పాఠం. గోడకు చార్టులు కట్టి పవర్ ఫ్యాక్టర్ వివరించాం. అంతా విన్న ఒక పెద్దాయన అడిగాడు: “కెపాసిటర్ నేను కొంటే లాభం నాకా, ట్రాన్స్‌ఫార్మర్‌కా సారూ?” నిజం చెప్పాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌కే. లైనులో కరెంటు తగ్గి దాని మీద బరువు తగ్గుతుంది. అందరూ బిగిస్తే ఓల్టేజీ నిలబడుతుంది. ఒక్కడే బిగిస్తే ఆ ఒక్కడి జేబుకు చిల్లు. ఆటో స్టార్టర్లదీ అదే కథ. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని వాళ్లకు మాకన్నా బాగా తెలుసు. కాలిపోతే దించి బండెక్కించేది వాళ్లే కదా! కానీ కరెంటు అర్ధరాత్రి ఇస్తే, చీకట్లో పురుగూ పుట్రా తొక్కుకుంటూ బోరు దగ్గరికి ఎవరు పోతారు? ఆ సంగతి మా చార్టుల్లో లేదు. సాయంత్రానికి చార్టులు చుట్టుకుని బస్సెక్కాం.

ఇలాంటి దెబ్బ మాకన్నా చాలా పెద్దవాళ్లకే తగిలింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్యకుమార్ ఎన్. రెడ్డిగారు ‘అస్త్ర’ అనే గ్రామీణ సాంకేతిక విభాగం మొదలుపెట్టారు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో ప్రపంచమంతా చదివే పాఠ్యగ్రంథం రాసినవారిలో ఒకరు, వచ్చి పేడ లెక్కల్లో పడ్డారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలో పుర అనే చిన్న ఊరుంది. ఊరి పశువుల పేడంతా పోగేసి, ఒకే గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టి, ఇంటింటికీ వంటగ్యాస్ ఇద్దామనుకున్నారు. గ్యాస్ చాలలేదు. పైగా కట్టెపుల్లలు ఊరికే దొరుకుతున్నచోట పొయ్యి పెద్ద బాధేం కాదు. అసలు బాధ మంచినీళ్లు. 1987లో పథకం తిరగేశారు. అదే గ్యాస్‌కు కాస్త డీజిల్ తోడుచేసి ఇంజను నడిపి, కరెంటు తీసి, బోరు నీళ్లు కుళాయిలకు ఎక్కించారు, ఇళ్లలో దీపాలు వెలిగించారు. పేడ తెచ్చినవాళ్లకు తూకం వేసి డబ్బులిచ్చారు. గ్యాస్ పోగా మిగిలిన మడ్డి ఎవరి వంతు వాళ్ల పొలానికే వెళ్లింది. ప్లాంటు నడిపింది ఊరి కుర్రాళ్లే. మొదటి పథకం ఎందుకు చెడిందో రెడ్డిగారు దాచుకోకుండా వ్యాసాల్లో రాశారు. మన కాలేజీల రిపోర్టుల్లో పథకం ఫెయిలైన ఊరు ఒక్కటైనా ఉంటుందేమో వెతకండి, నేను వెతికాను.

2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఇప్పుడు కాలేజీలు ఐదేసి ఊళ్లు దత్తత తీసుకుంటున్నాయి. పని మంచిదే, దత్తత అన్న మాటే మింగుడుపడదు. తరాల నాటి ఊరిని నాలుగేళ్ల కోర్సు దత్తత తీసుకోవడమేమిటి?

ఇక మీ ఇలాకాలోకి వస్తాను. మగ్గాలున్న ఒక ఊళ్లో మా ఫైనలియర్ కుర్రాడు నేతాయన్ని “రీడ్ ఎక్కడ?” అని అడిగాడు. ఆయన తెల్లబోయి చూశాడు. “పన్నె ఏది బాబాయ్” అనుంటే పళ్లు తడిమి మరీ చూపించేవాడు. పన్నె, నాడె, అచ్చు, పడుగు, పేక: మగ్గం డ్రాయింగు మొత్తం ఆ మాటల్లోనే ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాల కోశం, 1971లో చేనేత పదాల కోశం తెచ్చిపెట్టారు. ఊరూరా తిరిగి, పనివాళ్ల నోటి నుంచి ఏరిన మాటలవి. అవి ఏ ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలోనూ నా కంటబడలేదు. భాషవాళ్ల పుస్తకమని మేం వదిలేశాం, యంత్రాల గొడవని మీరు వదిలేశారు.

ఆ మాటల మధ్యే పుట్టిన చింతకింది మల్లేశంగారు చీరకు ఆసు పోస్తూ, అంటే నూలును మేకుల చుట్టూ తిప్పుతూ, వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి భుజం నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆగిన మనిషి. అందరూ చప్పట్లు కొట్టాం. ఏదో ఒక కాలేజీ వర్క్‌షాపు ఆయనకు తలుపు తీసి ఉంటే ఆ ఏళ్లలో ఎన్ని కలిసొచ్చేవో అన్న లెక్క మాత్రం ఎవరమూ వెయ్యలేదు.

పల్లెలో ఇంజనీరింగు కాలేజీ లేకపోవచ్చు, మండల కేంద్రంలో మోటారు వైండింగ్ మేస్త్రీ తప్పక ఉంటాడు. ఏ మోటారు ఎందుకు కాలిందో రాగితీగ రంగు చూసి చెబుతాడు. రైతు నమ్మేది ఆయన్నే. మన శిక్షణ ముందు ఆయన షెడ్డుకు వెళ్లాలి. మన పిల్లలు వారం రోజులు ఆయన దగ్గర కాయిల్ చుట్టాలి, ఆయనకు మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడడం నేర్పాలి. కెపాసిటర్ మాట ఆయన నోట వస్తే, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులంతా ఒకేసారి బిగించుకునే వీలుంటుంది.

అందుకే మధ్యాహ్నం గోష్ఠికి అలాంటి మేస్త్రీనొకరిని పిలిచాం. స్లైడ్లు లేవట, కాలిన మోటారొకటి తెస్తానన్నారు. వేదిక మీద ఆ పూలగుత్తులు తీసేసి, కాస్త గట్టి బల్ల వేయించమని కార్యదర్శిగారికి మనవి.