ఫైలు పేరు పని కాదు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెల్‌ఫోనులో పనుల జాబితా రాసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. ఈ విషయంలో నేను పండితుణ్ణి కాను, దెబ్బతిన్నవాణ్ణి. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

ఉపాధ్యాయుడిగా రిటైరైన మా తమ్ముడు కిందటి ఏడాది కాలం చేశాడు. మా మరదలికి బయటి వ్యవహారాలు తెలియవు. కుటుంబ పింఛను, బ్యాంకు ఖాతా, ఇంటిపన్నులో పేరు మార్పు, గ్యాస్ కనెక్షన్ - అన్నీ నేను చూసుకుంటానమ్మా అన్నాను. మా మనవరాలు నా ఫోనులో గూగుల్ టాస్క్స్ పెట్టి ఇచ్చింది. జీమెయిల్ ఉన్నవారికి అది ఉచితమే. అందులో ఆ నాలుగూ నాలుగు వరుసలుగా ఎక్కించాను. రోజూ కాఫీ తాగుతూ వాటిని చూసుకునేవాణ్ణి. చూడగానే పని చేసినంత తృప్తి!

మూడో నెల మాసికానికి వెళ్ళినప్పుడు, "మాత్రలు సరిగా వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగాను. "బి.పి. మాత్ర రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను బావగారూ. పింఛను వచ్చాక మామూలుగా వేసుకుంటాను" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇంటికొచ్చి ఫోను తీశాను. "కుటుంబ పింఛను" అన్న వరుస మూడు నెలలుగా అక్కడే ఉంది. కుర్చీలోంచి లేచి ఇప్పుడు నేను చేయవలసింది ఏమిటి అని నన్ను నేనే అడిగాను. జవాబు ఆ వరుసలో లేదు. అసలు చిక్కు ఏమిటంటే, పి.పి.ఓ.లో మా మరదలి పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. దానికి ఏ రుజువు కావాలో సబ్ ట్రెజరీకి వెళ్ళి అడగాలి. ఒక పూట పని. అది రాసుకోకపోవడం వల్ల మూడు నెలలు పోయాయి. తప్పు ఏ ఆఫీసుదీ కాదు, నాదే.

అప్పుడు మన పాత టాటెన్‌హామ్ పద్ధతి గుర్తొచ్చింది. పర్సనల్ రిజిస్టరులో విషయం రాసి ఊరుకునేవాళ్ళమా? ఎవరికి రాశాం, ఏ తేదీన రాశాం, జవాబు వచ్చిందా, రిమైండరు వెళ్ళిందా - ఇవన్నీ ఎక్కించేవాళ్ళం. గుమాస్తా ఫైలు పేరు మాత్రమే చెబితే, "తరువాతి చర్య ఏమిటయ్యా?" అని గద్దించినవాణ్ణి నేను. సొంత ఇంటి ఫైలు దగ్గర అదే మరిచాను. అమెరికాలో డేవిడ్ అలెన్ అనే ఆయన 2001లో 'గెటింగ్ థింగ్స్ డన్' అనే పుస్తకంలో ఈ తరువాతి చర్యకే పెద్ద పీట వేశాడని మనవరాలు చెప్పింది.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. ఒక్కో వ్యవహారానికి ఒక్కో జాబితా. అందులో మెట్లన్నీ రాసినా, ఇప్పుడు చేయవలసిన ఒక్కదానికే నక్షత్రం గుర్తు పెడతాను. నక్షత్రం మీద నొక్కితే అన్ని జాబితాల్లోని తరువాతి చర్యలూ ఒకే చోట కనబడతాయి. ఆ పని ముగించి టిక్కు పెట్టగానే, ఫోను కింద పెట్టకముందే, తరువాతిదానికి నక్షత్రం పెట్టాలి. ఇక్కడే చాలామంది జారిపోతారు.

వరుసలో క్రియ ఉండాలి. "బ్యాంకు" అని కాదు, "మరణ ధ్రువపత్రం రెండు జిరాక్సులు తీయించాలి" అని రాయాలి. బంతి అవతలివాళ్ళ చేతిలో ఉంటే, "ఎదురుచూపు: ఫలానా సీటు, దరఖాస్తు ఇచ్చిన తేదీ" అని రాసి, మళ్ళీ అడగవలసిన రోజును తేదీగా పెడతాను. అదే మన రిమైండర్ డైరీ. ఇప్పట్లో కదలనివాటికి 'కాల్ బుక్' అనే పేరుతోనే వేరే జాబితా పెట్టాను. లైఫ్ సర్టిఫికెట్ లాంటివి ఏటా తిరిగి వచ్చేలా ఒకసారి పెడితే చాలు.

శనివారం సాయంత్రం నా రిజిస్టరు నేనే తనిఖీ చేసుకుంటాను. నక్షత్రం లేని జాబితా కనబడితే ఆ వ్యవహారం పడుకున్నట్టే. దాన్ని లేపి ఒక చర్య రాస్తాను, లేదా కాల్ బుక్‌లో వేస్తాను. అయితే కాల్ బుక్కు అటక కాకూడదు. నెలకొకసారి దాన్నీ తిరగేస్తాను. ఫోను వద్దనేవారికి నలభై పేజీల నోటుబుక్కు చాలు. కావలసింది యంత్రం కాదు, ఆ ఒక్క ప్రశ్న.

మా మరదలికి ఆ తరువాత ఏడు వారాలకు పింఛను బకాయిలతో సహా వచ్చింది. బకాయిలు ట్రెజరీ ఇచ్చింది. వేసుకోని మాత్రలకు బకాయి ఎవరిస్తారు?

మనలో చాలామంది ఎవరో ఒకరికి "నేను చూసుకుంటాను" అని మాట ఇచ్చి ఉంటాం. ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఆ మాట పక్కన తరువాతి చర్య ఒక్కటి రాయండి. రేపు పొద్దున్నే అది చేయండి.