దూబగుంట పేర్లు

 పట్టభద్రులైన మీలో చాలామంది రేపటి నుంచి వార్తలు రాయబోతున్నారు. అందుకే మీతో దూబగుంట అనే ఊరి గురించి మాట్లాడాలనుకున్నాను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. రాత్రిబడి వాచకంలో, ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఒకటి ఉండేది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు ఆ పని నిజంగానే చేసి చూపించారు. 1992లో కబురు ఊరూరా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా జిల్లా ఆడవాళ్లు కదిలివచ్చారు. ‘ఈనాడు’ ఆ ఉద్యమానికి ఏకంగా ఒక పేజీ కేటాయించింది. ఏ ఊళ్లో ఎవరు దుకాణం మూయించారో, పాట ఎక్కడ వాయిదా పడిందో చదివి పక్క ఊరు లేచింది. దానివల్ల పత్రికకూ లాభం కలిగి ఉండవచ్చు. అందులో నాకు తప్పేమీ కనబడదు. పేరూ ఊరూ ఉన్న మనుషులు ఆ పేజీలో కనిపించారు, అది చాలా పెద్ద విషయం.

1993లో సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ఎన్.టి.రామారావు గారి వాగ్దానమైంది. గెలిచి, ప్రమాణ స్వీకారం రోజున మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. గొప్ప ఘట్టమే, కాదనను. కానీ అక్కడి నుంచి కథానాయకుడు ఆయనే అయ్యారు. వేలంపాటను ఆపిన ఆడవాళ్లు మన పత్రికల రాతల్లో ‘మహిళా ఓటర్లు’గా మిగిలారు. 1997లో ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధాన్ని ఎత్తేసినప్పుడు అంతటి ఉద్యమం మళ్లీ లేవలేదు. కారణాలు చాలా ఉంటాయి. మన రాతలు కూడా వాటిలో ఒకటని నా నమ్మకం.

ఇవాళ్టికీ అదే తీరు. సాయంత్రం టీవీ చర్చల్లో ‘ప్రజలు అడుగుతున్నారు’ అని యాంకర్లు గొంతు చించుకుంటారు. అడుగుతున్న ఆ ప్రజల్లో ఒక్కరూ స్టూడియోలో ఉండరు. చూసేవాళ్లకు కోపం మాత్రం దండిగా అందుతుంది. తమ ఊరి గ్రామసభ ఎప్పుడో, అర్జీ ఎవరికివ్వాలో తెలియదు. కోపం ఓటు దాకా తీసుకెళ్తుంది, నిజమే. ఆ తర్వాతి ఐదేళ్లూ ఏం చేయాలో చెప్పే వార్త ఏది?

డెస్కు మీద మీకు ‘భగ్గుమన్న జనం’ అన్న శీర్షిక ఇస్తారు. ఆ జనంలో ముగ్గురి పేర్లు, వాళ్లు తిరిగిన ఆఫీసు, అక్కడి అధికారి ఇచ్చిన జవాబు కాపీలో ఉండాలని పట్టుబట్టండి. చోటు లేదంటే విశేషణాలు కొట్టేసి చోటు చేయండి.