థర్మల్ క్వార్టర్లలో టెరిలిన్: పాల్వంచ బట్టల పదేళ్లు (స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలోనో ఆ మాస్టారు పాల్వంచ సంస్థానం చరిత్ర చెప్పేటప్పుడు రాజుల వరస ఒక్క ఊపిరిలో ముగించి, అంగడి దగ్గరా చాకిరేవు దగ్గరా గంటసేపు ఆగేవారు. ఆయన శిష్యుణ్ణి కనుక నేనూ ఆ దారినే పోతాను. అమరావతి శిల్పాల కుచ్చెళ్లు, నిజాం నాటి షేర్వాణీలు, గాంధీగారి ఖద్దరు మీకు తెలిసినవే. నేరుగా 1966కు వద్దాం.

ఆ ఏడు ఇక్కడి థర్మల్ స్టేషన్లో మొదటి యూనిట్ మొదలైంది. కోస్తా జిల్లాల వాళ్లు, చుట్టుపక్కల పల్లెల వాళ్లు వచ్చి క్వార్టర్లలో దిగారు. వాళ్ల మధ్య ఉద్యోగాల పేచీ 1969లో తెలంగాణ ఉద్యమానికి నిప్పు రాజేసింది. ఆ కథ వేరు. వచ్చిన పెద్దవాళ్లలో పంచెకట్టు వాళ్లే ఎక్కువ. పదేళ్లు తిరిగేసరికి కాలనీ నిండా టెర్రికాటన్ ప్యాంట్లు, నైలెక్స్ చీరలు.

బస్టాండు దగ్గర ఒక దర్జీ కుటుంబం దాచిన కొలతల పుస్తకాలు చూశాను. నడుము, సీటు, పొడవు, బాటం అని గళ్లు. పేజీ అంచున గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్క. సూదులు తుప్పుపట్టాయి, నూలు ముక్కలు వెలిసిపోయాయి, టెరిలిన్ ముక్కలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. మొదట్లో గొట్టం ప్యాంట్ల కొలతలు. డెబ్బైలలోకి వచ్చేసరికి బాటం గడిలో అంకె ఉబ్బుతూ పోయింది.

ఇక్కడే కొందరు పండితులతో నాకు పేచీ. ఇదంతా సినిమా మహిమ అంటారు వాళ్లు. అయ్యా, 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ ఆడింది. కృష్ణగారి కౌబాయ్ టోపీ పెట్టుకుని డ్యూటీకి పోయినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! తెర మీద కనిపించినవన్నీ ఒంటి మీదికి రాలేదు. మరి 1973లో ‘బాబీ’ వచ్చాక బాబీ ప్రింటు మాటేమిటని ఎదురడుగుతారు. ఏ రంగు, ఏ ప్రింటు అన్నది సినిమా చెప్పిందేమో. నూలు వదిలి టెరిలిన్ పట్టడానికి ఆ మాట చాలదు.

ఊళ్లో చాకలి ఇంటింటికీ వచ్చి బట్టలు మూటగట్టుకుపోయేవాడు. కూలి పంటల నాడు ధాన్యంగా ముట్టేది. క్వార్టర్లలో పంటా లేదు, ఆ ఏర్పాటూ లేదు. గంజిపెట్టి ఇస్త్రీ చేయాల్సిన నూలు బట్ట ఇల్లాలి నెత్తిన పడింది, అదీ షిఫ్టు డ్యూటీల ఇంట్లో. అరవైల నడుమ దేశంలోనే పాలిస్టర్ తయారీ మొదలైంది. రాత్రి ఉతికి దండెం మీద వేస్తే తెల్లారేసరికి ఆరే గుడ్డ, ఇస్త్రీ పెద్దగా అడగని గుడ్డ దొరికింది. ఖరీదెక్కువే, మన్నికా ఎక్కువే. దసరా బోనస్ అందగానే దర్జీ కొట్టు ముందు బారులు తీరేవారు. బాయిలర్ దగ్గర మాత్రం నూలు ఖాకీయే మేలు. టెరిలిన్ సెగకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. తెర మీద వెలిగిన గుడ్డ అక్కడ పనికిరాలేదు, పనే గుడ్డను ఎంచింది. నా వాదమంతా ఇదే.

అధ్యక్షులవారు చీటీ పంపారు, త్వరపడతాను. గూడేల్లో, తండాల్లో మార్పు వేరే దారిన వచ్చింది, దానికి మరో ఉపన్యాసం కావాలి. ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకిచ్చిన జనతా వస్త్రాలు, కృత్రిమ నూలుకు తలుపు తెరిచిన 1985 జౌళి విధానం, పంజాబీ డ్రెస్సు, నైటీ, రెడీమేడ్, జీన్స్, 2017లో మొదలైన సిరిసిల్ల మరమగ్గాల బతుకమ్మ చీరలు... ఇవన్నీ మీ కళ్లముందు జరిగినవే.

2024 ఆగస్టులో మన థర్మల్ స్టేషన్ పాత కూలింగ్ టవర్లను కూల్చేశారు. వాటికి ఫొటోలు, వీడియోలు ఎన్నో ఉన్నాయి. దర్జీల పుస్తకాలను దాచేవాళ్లు లేరు. మీ ఇళ్లలో అలాంటివి ఉంటే చిత్తుకాగితాల వాడికి వేయకండి, గ్రంథాలయానికి ఇవ్వండి. నా వాదం తప్పని తేల్చాలన్నా వాటితోనే తేల్చాలి.