బొల్లి మచ్చ: భయం ఎంత, వైద్యం ఎంత

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ఆరోగ్య సదస్సులో, చర్మవ్యాధుల వైద్యురాలిగా పనిచేస్తున్న పూర్వ విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సదస్సులో మాట్లాడమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, ఎండకాలం వస్తోంది కదా, చెమటకాయల గురించో గజ్జి, తామర గురించో చెప్పమంటారనుకున్నాను. "బొల్లి గురించి చెప్పమ్మా. మనవాళ్లలో చాలామందికి అడగాలని ఉంటుంది, నోరు తెరిచి అడగలేరు" అన్నారు. నిజమే. షుగరు ఉన్నవాళ్లు పదిమందిలో కూర్చుని ఎంత ఉందో చెప్పుకుంటారు. బొల్లి ఉన్నవాళ్లు మాత్రం తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెబుతారు. అందుకే ఈ రోజు మైకులో చెబుతున్నాను.

ప్రపంచ జనాభాలో నూటికి అర నుంచి రెండు మంది దాకా బొల్లి ఉన్నవాళ్లే. అంటే వెయ్యిమంది కూర్చున్న సభలో ఐదుగురి నుంచి ఇరవైమంది వరకు ఉండొచ్చు. వాళ్లలో సగంమందికి ఇరవై ఏళ్లు నిండకముందే మొదటి మచ్చ కనిపిస్తుంది. అంటే బడిలో ఉన్నప్పుడే. కాబట్టి ఇది డాక్టర్ల సంగతి ఎంతో, టీచర్ల సంగతీ అంతే.

అసలు ఏం జరుగుతుందో చెబుతాను. నూలుకు రంగు అద్దడం చూసిన చీరాల వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మన చర్మం అడుగు పొరలో మెలనోసైట్లు అనే కణాలుంటాయి. అవి రంగు తయారుచేసి చుట్టూ ఉన్న ముప్ఫై, నలభై కణాలకు పంచుతాయి. నల్లగా ఉన్నవాళ్లకైనా తెల్లగా ఉన్నవాళ్లకైనా ఈ కణాల సంఖ్యలో పెద్ద తేడా ఉండదు, అవి చేసే రంగులోనే తేడా. బొల్లిలో మన ఒంట్లోని రక్షణ కణాలే పొరపాటుబడి ఈ రంగు కణాలను శత్రువులనుకుని చంపేస్తాయి. అద్దకం చేసే మనిషి లేకపోతే నూలు తెల్లగానే ఉండిపోతుంది కదా, ఇదీ అంతే. చర్మం పాడవదు, కుళ్లదు, రక్తం చెడిపోదు. రంగు ఒక్కటే పోతుంది.

ఇది అంటదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా అంటదు. చేపలు తిని పాలు తాగితే వస్తుందని మన సముద్రపు ఒడ్డున తరతరాలుగా చెప్పుకుంటున్నాం. దానికి ఆధారం లేదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి ఇంట్లో చేపలు, గుడ్లు, పెరుగు, నిమ్మకాయ అన్నీ మాన్పించేస్తారు. మచ్చ తగ్గదు సరికదా పిల్లవాడు నీరసపడతాడు. పథ్యం అక్కర్లేదు, అన్నీ తిననివ్వండి.

టీచర్లకు ముఖ్యంగా చెప్పాల్సిన మాట, తెల్లమచ్చలన్నీ బొల్లి కావు. పిల్లల బుగ్గల మీద అంచులు సరిగా తెలియకుండా, కాస్త పొట్టుగా కనిపించే పాలిపోయిన మచ్చలు బొల్లి కాదు, పొడిచర్మం వల్ల వచ్చేవి. నులిపురుగుల మందు పోయించక్కర్లేదు, కాల్షియం బిళ్లలూ అక్కర్లేదు. కొబ్బరినూనె రాస్తూ ఎండ తగ్గించుకుంటే చాలావరకు నెలల్లో పోతాయి. చెమట ఎక్కువ పట్టే కుర్రాళ్లకు మెడ మీద, వీపు మీద, ఛాతీ మీద చిన్నచిన్న చుక్కలుగా వచ్చేది శోభి. అది ఒక రకం ఫంగసు, పూతమందుతో పోతుంది. కాకపోతే ఫంగసు చచ్చాక కూడా రంగు తిరిగి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. పెద్దవయసులో కాళ్ల మీద, చేతుల మీద బియ్యపుగింజలంత తెల్లచుక్కలు వస్తాయి, వాటితో ఏ ప్రమాదమూ లేదు.

ఇక నిర్లక్ష్యం చేయకూడనిది కుష్టు మచ్చ. పాతకాలంలో బొల్లిని శ్వేతకుష్ఠం అనడం వల్ల ఈ రెండూ ఒకటేనన్న భయం మనలో పాతుకుపోయింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. బొల్లి మచ్చ సున్నంలా తెల్లగా ఉంటుంది, స్పర్శ మామూలుగా ఉంటుంది. కుష్టు మచ్చ పూర్తిగా తెల్లబడదు, పాలిపోయినట్టో రాగిరంగులోనో ఉంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. పిల్లవాణ్ణి కళ్లు మూసుకోమని, దూదిపీచుతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేకపోతే వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. కుష్టుకు మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే పూర్తిగా నయమవుతుంది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల కుష్టు ఆసుపత్రి గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లు ఈ సభలో ఉండే ఉంటారు. అప్పుడు ఊరికి దూరంగా కాలనీల్లో బతకాల్సి వచ్చిన జబ్బు ఇప్పుడు బిళ్లలతో పోతుంది. భయపడి దాచిపెడితేనే వేళ్లు వంకరపోతాయి.

ఆడవాళ్లకు ఒక సంగతి. నుదుటి మీద సరిగ్గా బొట్టుబిళ్ల పెట్టే చోట తెల్లమచ్చ వచ్చిందంటే ముందు ఆ బిళ్లను అనుమానించాలి. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం రంగు కణాలను చంపుతుంది. రబ్బరు చెప్పుల పట్టీ కింద పాదం మీద, వాచీ పట్టీ కింద మణికట్టు మీద కూడా ఇలాగే జరగొచ్చు. రబ్బరు వల్ల చర్మం తెల్లబడుతుందని 1939లోనే అమెరికాలో బయటపడింది. ఒక తోళ్ల కర్మాగారంలో రబ్బరు గ్లవుజులు వేసుకుని పనిచేసిన కార్మికుల చేతులు తెల్లబడితే ఆరా తీసి, గ్లవుజుల్లో కలిపిన రసాయనాన్ని పట్టుకున్నారు. జుట్టుకు వేసే రంగులతోనూ కొందరికి ఇలా జరుగుతుంది. ఆ వస్తువు మానేసి వైద్యం చేయిస్తే చాలామందికి రంగు తిరిగి వస్తుంది. మానకుండా ఎన్ని పూతలు రాసినా లాభం లేదు. స్టిక్కరు బదులు కుంకుమ పెట్టుకోండి, మచ్చ మీద మాత్రం ఏదీ అంటించకండి.

బొల్లి ఉన్నవాళ్లకు దెబ్బ తగిలినచోట, రోజూ రాపిడి పడేచోట కొత్త మచ్చ వస్తుంది. లంగా బొందు, మొలతాడు, బిగుతు బెల్టు, చెప్పు పట్టీ, ఇలాంటివి వదులుగా ఉండేలా చూసుకోవాలి. స్నానం చేసేటప్పుడు పీచుతో గట్టిగా రుద్దకూడదు.

ఇప్పుడు వైద్యం సంగతి. నయమవుతుందా అని అందరూ మొదట అడిగేది అదే. సూటిగా చెబుతాను. చాలామందికి రంగు తిరిగి వస్తుంది, అందరికీ రాదు, వచ్చినవాళ్లకూ మళ్లీ పోవచ్చు. ముఖం, మెడ బాగా స్పందిస్తాయి. వేళ్ల కొనలు, పెదవులు, పాదాలు మొండికేస్తాయి. కొత్త రంగు వెంట్రుక కుదుళ్లలో దాక్కున్న కణాల నుంచి వస్తుంది కాబట్టి, వెంట్రుకలు లేని వేళ్ల కొనలకు రంగు రావడం కష్టం. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే ఆ కుదుట్లో సరుకు అయిపోయినట్టే. అందుకే తొందరగా రమ్మంటాం.

చిన్న మచ్చలకు పూతమందులు. స్టెరాయిడ్ పూతను డాక్టరు చెప్పినన్ని వారాలే రాయాలి. మందుల షాపులో అడిగి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. ముఖానికి, కనురెప్పలకు టాక్రోలిమస్ పూత మేలు. మచ్చలు వేగంగా పాకుతుంటే ముందు ఆ పాకడం ఆపాలి. అందుకు వారంలో రెండు రోజులు మాత్రమే స్టెరాయిడ్ బిళ్లలు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పశ్రీచా బృందం మొదలుపెట్టింది, ఇప్పుడు వేరే దేశాల్లోనూ వాడుతున్నారు.

ఎక్కువ మచ్చలున్నవాళ్లకు వెలుగు వైద్యం. దీనికి పెద్ద చరిత్రే ఉంది. మన ఆయుర్వేదంలో బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టేవారు. ఈజిప్టులో నైలు ఒడ్డున పెరిగే ఇంకో మొక్కతో అదే పని చేసేవారు. 1940లలో కైరోలో డాక్టర్ ఎల్ మోఫ్తీ ఆ మొక్క నుంచి తీసిన సోరాలెన్ మందుతో బొల్లికి వైద్యం చేసి చూపించారు. బావంచాల్లో ఉన్నదీ ఆ జాతి పదార్థమే. మన పెద్దల మాట ఉత్తది కాదన్నమాట. అయితే మోతాదు తెలియకుండా ఇంట్లో బావంచాలు రాసి చీరాల ఎండలో కూర్చుంటే బొబ్బలెక్కుతుంది. ఆ కాలిన చోట మచ్చ ఇంకా పెరగొచ్చు. అందుకే ఇప్పుడు 311 నానోమీటర్ల కిరణాలిచ్చే ఎన్‌బీ యూవీబీ యంత్రం ముందు నిలబెడతాం. 1997లో నెదర్లాండ్స్ వైద్యులు బొల్లికి ఇది పనిచేస్తుందని చూపించారు. వారానికి రెండు, మూడుసార్లు, కొద్ది నిమిషాలు. బిళ్ల మింగక్కర్లేదు. పిల్లలకూ, గర్భిణులకూ ఇవ్వొచ్చు. మూడు నెలలకు గానీ మార్పు తెలియదు, ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. పది సార్లు వచ్చి, ఏమీ కాలేదని మానేసేవాళ్లే ఎక్కువ. గుంటూరు, ఒంగోలు వెళ్లాల్సినవాళ్లు ముందు ఫోన్ చేసి యంత్రం పనిచేస్తోందో లేదో కనుక్కుని బయల్దేరండి.

ఏడాదిపాటు కొత్త మచ్చ రాకుండా, పాతది పెరగకుండా ఉంటే చర్మం మార్పిడి చేయొచ్చు. తొడ మీదో, తుంటి మీదో పలచటి చర్మం తీసి మచ్చ మీద అతికించడం, లేదా ఆ చర్మంలోని కణాలను విడదీసి మచ్చ మీద పరచడం. మచ్చ పాకుతున్నప్పుడు చేస్తే రెండుచోట్లా చెడుతుంది.

కొత్త మందు కూడా వచ్చింది. రుక్సోలిటినిబ్ అనే పూతకు 2022 జులైలో అమెరికా అనుమతి ఇచ్చింది, పన్నెండేళ్లు దాటినవాళ్లకు. పరీక్షల్లో 24 వారాలు వాడినవాళ్లలో నూటికి ముప్ఫైమందికి ముఖం మీది మచ్చల్లో ముప్పాతిక వంతు రంగు వచ్చింది. మంచి ఫలితమే. మిగతా డెబ్బైమందికి అంత రాలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అన్ని మందులూ ఆపేశాక ఏడాదిలో నూటికి నలభైమందికి మచ్చ తిరిగి వస్తుంది కాబట్టి కొన్నాళ్లు వారానికి రెండుసార్లయినా పూత కొనసాగించాలి. వైద్యంతోపాటు థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి, బొల్లి ఉన్నవాళ్లలో ఆ ఇబ్బంది కాస్త ఎక్కువ.

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద "బొల్లి గ్యారంటీగా మాయం" అన్న కాగితాలు చూస్తుంటాం. అలా ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం జాబితాలో బొల్లి పేరు స్పష్టంగా ఉంది. గ్యారంటీ ఇచ్చేవాడి దగ్గరికి వెళ్లి నగలు తాకట్టు పెట్టుకోకండి.

చివరిగా పెళ్లి మాట. మందుల కంటే ఎక్కువ కన్నీళ్లు ఇక్కడే. వేలి మీద చిన్న మచ్చ ఉన్న అమ్మాయి సంబంధం తప్పిపోతుంది, ఆమె చెల్లెలి సంబంధం కూడా తప్పిపోతుంది. పిల్లలకు వస్తుందేమోనని భయం. అచ్చు ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి వచ్చింది నూటికి ఇరవైముగ్గురికే. మామూలుగా తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి ఆరేడు పాళ్లు. షుగరు వ్యాధి ఇంతకంటే గట్టిగా కుటుంబాల్లో నడుస్తుంది, దానికి మనం సంబంధాలు వదులుకోవడం లేదు. హిందూ వివాహ చట్టంలో బొల్లి ఎన్నడూ విడాకులకు కారణం కాదు. కుష్టు ఉండేది, దాన్నీ 2019లో తీసేశారు. చట్టం మారింది, మన పెళ్లిచూపులే మారాలి. అయితే దాచి పెళ్లి చేయవద్దని ఆడపిల్లల తల్లిదండ్రులకు, మగపిల్లల తల్లిదండ్రులకు సమానంగా చెబుతాను. ముందే చెప్పండి. విని కూడా వచ్చినవాళ్లే మంచి సంబంధం.

గురువులకు నాదో విన్నపం. క్లాసులో మచ్చ ఉన్న పిల్లను వెనక బెంచీకి పంపకండి, డ్రిల్లు నుంచి, నాటకం నుంచి తప్పించకండి. ఎవరైనా పేరు పెట్టి వెక్కిరిస్తే, ఇది అంటదని మీరే క్లాసులో చెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి పిలవండి. మీరు పట్టుకున్నది చూస్తే మిగతా పిల్లలూ పట్టుకుంటారు.

సంఘానికి ఒక ప్రతిపాదన. జూన్ 25 ప్రపంచ బొల్లి దినం. బళ్లు తెరిచిన కొద్దిరోజులకే వస్తుంది. ఏటా ఆ వారంలో మన బడి పిల్లలందరికీ చర్మ పరీక్ష చేద్దాం. వైద్యం చేసే పని నాది, నా తోటి డాక్టర్లది. గుంటూరు వెళ్లిరావడానికి ఛార్జీలు లేని పిల్లలకు ఆ ఖర్చు సంఘం చూడాలి. వారానికి రెండుసార్లు, ఆరు నెలలు. లెక్క వేసి కార్యదర్శిగారికి ఇచ్చాను. సర్వసభ్య సమావేశంలో దాన్ని ఆమోదించాలని కోరుతున్నాను. మచ్చల గురించి అడగాలనుకున్నవాళ్లు భోజనాల తర్వాత ఎనిమిదో తరగతి గదికి రండి. తలుపు తెరిచే ఉంటుంది.