స్కాన్‌లో గీత కనిపిస్తే పన్ను పీకించాల్సిందేనా?

పోయిన దసరాకి ముందు ఆళ్లగడ్డ నుంచి ఒక అబ్బాయి నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. వాళ్లమ్మ పంటికి తీసిన సీబీసీటీ స్కాన్. కింద ఒకటే ప్రశ్న. 'సార్, వేరు పగిలిందంట, పీకించమంటున్నారు. పీకించాలా?'

స్క్రీన్‌షాట్ చూసి నేనేం చెప్పేది? మామూలు ఎక్స్‌రే అంటే ఒక్క బొమ్మ. సీబీసీటీ అట్లా కాదు, దవడని వందల పొరలుగా చూపిస్తుంది. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి జరుపుకుంటూ చూడాలి. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో మొత్తం ఫైల్ ఇస్తారు, అది తీసుకుని అమ్మని నంద్యాలకి పిల్చుకొని రా అన్నాను.

రిపోర్టులో రెండు మాటలున్నాయి. వేరు చివర నల్లటి నీడ, వేరు మీద పగులులాంటి గీత. వాటి కింద ఇంకో లైన్ ఉంది, 'నోట్లో పరీక్షించి సరిచూసుకోవాలి' అని. అంటే రిపోర్టు రాసినాయన ఖాయం చేయలేదు. ఆ లైన్ ఎవరూ చదవరు!

ఆమెది పైన మొదటి దవడపన్ను. రెండేళ్ల కిందట రూట్ కెనాల్ చేసి మెటల్ క్యాప్ వేశారు. నమిలితే నొప్పి. నేను పన్ను మీద చిన్నగా తడుతుంటే వాళ్లాయన నవ్వాడు. ఆయనది శిల్పాల పని. 'మేమూ రాయిని కొట్టే చూస్తాం సార్, పగులుంటే మోత తేడాగా వస్తుంది' అన్నాడు. నేను వినేది మోత కాదన్నా, ఆమె 'అబ్బా' అనేది.

తర్వాత చిగురు చుట్టూ సన్నటి కొలపుల్ల పెట్టి చూశాను. వేరు నిలువునా పగిలితే చాలాసార్లు ఒక్కచోట మాత్రం పుల్ల లోతుగా దిగిపోతుంది. ఈమెకి చుట్టూ 3 మిల్లీమీటర్లే. అనుమానం వచ్చి పొరలు జరిపితే, ఆ గీత వేరు దగ్గర ఆగట్లేదు. పన్ను దాటి పక్క పన్ను మీదికి పోతోంది. పగులు పక్క పన్నులోకి పోదు కదా! అది క్యాప్ లోహం వల్ల స్కాన్‌లో పడే చార.

అసలు దొంగ ఇంకోచోట ఉన్నాడు. ఈ పంటికి చెంపవైపు ముందు వేరులో సగానికి పైగా మందికి 2 కాలువలుంటాయి. రెండోదాన్ని ఎంబీ2 అంటాం. ఆమె వేరులో ఫిల్లింగ్ నడిమధ్యలో లేదు, ఓ పక్కకి ఉంది. దాని పక్కనే చిన్న నల్లచుక్క. శుభ్రం చేయకుండా మిగిలిపోయిన కాలువ. క్యాప్ తీసి, ఆ కాలువ వెతికి, మళ్లీ రూట్ కెనాల్ చేశాం.

ఇదే స్కాన్ నన్నూ ఒకసారి బోల్తా కొట్టించింది. నంద్యాల పెద్దాయన, కింది దవడపన్ను. స్కాన్‌లో పగులు లేదు. పుల్ల మాత్రం ఒక్కచోట 9 మిల్లీమీటర్లు దిగింది. స్కాన్ బాగుందిలే అని దాన్ని పక్కన పెట్టేశా. సీబీసీటీలో ఒక్కో చుక్క సైజు సుమారు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉంటుంది, అంతకన్నా సన్నటి పగులు తప్పించుకోవచ్చు. నాలుగు నెలలకి చిగురు మీద చీముగడ్డ మళ్లీ లేచింది. చిగురు తెరిచి చూస్తే పగులు. పన్ను తీసేశాం. ఫీజు తిరిగిచ్చాను గానీ, ఆయన పడిన నాలుగు నెలల నొప్పి వెనక్కి తీసుకోలేను కదా.

అట్లాగని ప్రతి రూట్ కెనాల్‌కీ స్కాన్ అడగొద్దు. అమెరికాలో ఎండోడాంటిస్టుల సంఘం, ఓరల్ రేడియాలజీ అకాడమీ కలిసి 2015లో సవరించిన ప్రకటన కూడా ఏ బాధా లేనివాళ్లకి ఊరికే వెతకడానికి సీబీసీటీ వద్దనే అంటుంది. అవసరమైతే ఆ పన్ను వరకే చిన్న స్కాన్ చాలు.

ఇక నల్లనీడ సంగతి. రూట్ కెనాల్ అయిన ఆరు నెలలకే 'ఇంకా నీడ ఉంది' అని భయపడొద్దు. ఎముక నిండడానికి ఏడాది పట్టొచ్చు, కొందరిని 4 ఏళ్ల దాకా గమనిస్తాం. పాత ఎక్స్‌రే దాచుకోండి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తగ్గుతోందో పెరుగుతోందో తెలిసేది.

ఆ ఆళ్లగడ్డ అమ్మకి ఇప్పుడు నమిలితే నొప్పి లేదు. నీడ తగ్గింది, పూర్తిగా పోలేదు. మళ్లీ వచ్చే దసరాకి రమ్మన్నాను. ఆమె సరేనంటే ఆ రెండు ఎక్స్‌రేలూ మీకు చూపిస్తా.