పాలు తోడుకోని రోజు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పశువైద్యుడికి మైకు ఇవ్వడం సాహసమే. మా రోగులు ఎదురు మాట్లాడవు గనుక మాకు ఎక్కువసేపు మాట్లాడే అలవాటు. పది నిమిషాలలో ముగిస్తాను.

1984లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, డెల్టాలోని ఒక పల్లె పశువైద్యశాలలో పనిచేసేవాడిని. మా ఇంటికి పాలు పోసే ఆమెకు ఉన్నది ఒకే ఒక గేదె. దానికి పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడి, పాలు తరకలు తరకలుగా వచ్చాయి. పెన్సిలిన్ సూది వేసి, చన్నులోకి ట్యూబు మందు ఎక్కించాను. రెండో రోజుకే వాపు తగ్గింది. నాలుగు రోజులు వేయవలసిన మందు అక్కడితో ఆపేశాను. స్టాకు తక్కువ, గేదె కులాసాగా ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. "వారం దాకా ఈ పాలు ఎవరికీ పోయకమ్మా" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పాల డబ్బుతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదని నాకు తెలుసు.

మర్నాడు ఉదయం మా ఆవిడ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "ఏమండీ, రాత్రి తోడేసిన పాలు పాలలాగే ఉన్నాయి. మొన్నటిదాకా గడ్డపెరుగే అయ్యేది కదా!" అంది.

పాలలో మిగిలిన మందు, పెరుగును తోడుకునేటట్లు చేసే సూక్ష్మజీవులను కూడా అణచివేస్తుంది. కాచినంత మాత్రాన అది పూర్తిగా పోదు. ఆ సంగతి ఆవిడతో చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడు వారాలకు వాపు తిరగబెట్టింది. ఈసారి అదే మందుకు లొంగలేదు. చన్ను ఎండిపోయింది. "నా రాత, బాబూ" అందామె. చీటీ రాసినవాణ్ణి నేను.

అరకొర మందుకు చావక మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే తక్కువ మోతాదు గురించి హెచ్చరించాడు. మనుషులకు ఆఖరి ఆశగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను కోళ్లు బరువు పెరగడానికి మేతలో కలిపేవారు. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆహారానికి పెంచే జంతువులలో దాని వాడకాన్ని నిషేధించింది. మందు వేశాక ఎన్నాళ్లు పాలు, గుడ్లు, మాంసం వాడరాదో లేబులు మీద ముద్రించాలని 2012లో నిబంధన వచ్చింది. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు ధ్రువీకరించి ఉండని పక్షంలో పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు. గాలికుంటు వైరస్ జబ్బు; దానికి ముందుగా వేసే టీకాయే దిక్కు. పుండ్లు చీము పట్టనిదే యాంటీబయాటిక్‌తో పని లేదు.

మన ఇంట్లో మిగిలిన క్యాప్సూళ్లను దూడలకు వేసే అలవాటు ఈ హాలులో కొందరికుంది. చేతులెత్తమని అడగను.

కానీ ఆ వారం పాల నష్టం ఎవరు భరించాలి? ఒంటిగేదె మనిషిని పారబోయమనడం తేలిక. మనలో పాలసంఘాల సభ్యులు చాలామందే ఉన్నారు. అందులో సగమైనా సంఘం భరించాలని ఈసారి సమావేశంలో అడగండి. మీ ఇంట్లో పాలు తోడుకోకపోతే, చలికాలమైతే వేరే సంగతి, పాలు పోసే ఆమెను కోప్పడకండి. గేదెకు సూది వేయించిందేమో నెమ్మదిగా అడగండి. వేయించానంటే పాలు మానేసి, ఆ వారం డబ్బు మాత్రం ఇచ్చేయండి. మేము ఆ నెల అలాగే ఇచ్చాము, కాకపోతే ఆలస్యంగా.

టీ వచ్చినట్లుంది. సెలవు.